సంచి విప్పకుండా రాసిన మాట

మిరపకాయల గ్రేడరుగా ముప్ఫై మూడేళ్ళు పనిచేసి గుంటూరులో రిటైరయ్యాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ మధ్య ఇంటికి వచ్చి, మీ అనుభవాలు చెప్పండి సార్ అని అడిగారు. నోటితో చెబితే సగం మర్చిపోతాను, మిగతా సగం సొంత డబ్బా అవుతుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరి హయాంలో జీతం ఎంత పెరిగిందో ఇందులో ఉండదు. ఆ సంగతులంటే నాకే విసుగు.

మా పని గురించి బయటివాళ్ళకి తెలిసింది తక్కువ. సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా చుట్టుపక్కల ఊళ్ళ కాయంతా గోనె సంచుల్లో మిర్చి యార్డుకి వస్తుంది. ఆ సంచిని మేం టిక్కీ అంటాం. కారం పొడి చేసి అమ్మే ఒక కంపెనీ తరఫున నేను ఆ టిక్కీలు చూసి రెండు రకాలుగా విడదీయాలి. మొదటిది నిల్వకాయ, అంటే కోల్డ్ స్టోరేజీలో ఐదారు నెలలు పెట్టినా రంగూ ఘాటూ పోనిది. రెండోది మిల్లుకాయ, అంటే ఆగదు కాబట్టి వెంటనే పొడి కొట్టేయాల్సింది. రెండింటి ధరకీ చాలా తేడా ఉంటుంది. ఒక మనిషి ఏడాది కష్టం నేను అనే ఒక్క ముక్క మీద అటో ఇటో అయిపోతుంది. చేరిన కొత్తలో ఆ బరువు నాకు తెలియలేదు. తెలిసి ఉంటే అంత చకచకా రాసి ఉండేవాణ్ణి కాను.

ముందు నువ్వు చెప్పు

నాకు పని నేర్పింది వీరాంజనేయులు గారు. అప్పట్లో మా చీఫ్ గ్రేడరు. పొట్టి మనిషి, తెల్ల పంచె, ఎప్పుడూ ఎర్రబడిన కళ్ళు. చదువు పదో తరగతితో ఆగిపోయింది. నేను బీఎస్సీ పాసైనవాణ్ణి. ఆ సర్టిఫికెట్ ఇక్కడ ఎందుకూ పనికిరాదని ఆయన నాకు మొదటి వారంలోనే అర్థమయ్యేలా చేశారు, అదీ ఒక్క మాట కూడా అనకుండా.

సంచిలో చెయ్యి మోచేతిదాకా దించమనేవారు. పైన కాయ చల్లగా ఉండి నడుమ వెచ్చగా తగిలితే లోపల తేమ ఉన్నట్టు. కాయని చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. తొడిమ వంచి చూడాలి. మధ్యకి చీల్చి లోపల బూజు ఉందేమో చూసి, వాసన చూసి, చివరికి తుమ్మాలి. తుమ్ము కూడా పనిలో భాగమే అనేవారు. రెండు నెలలపాటు నా చేతులు రాత్రీ పగలూ మండాయి. అన్నం చెంచాతో తిన్నాను.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. ప్రతి సరుకూ చూశాక తన గ్రేడు చిన్న చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకునేవారు. ఆ తర్వాత నావైపు తిరిగి, "ముందు నువ్వు చెప్పు" అనేవారు. నేను చెప్పాకే చీటీ బయటికి వచ్చేది. నేను తెలివిగా ఆయన మొహం చూసి చెప్పడం మొదలుపెట్టాను. ఆ సంగతి పట్టేశారు. అప్పట్నుంచి నేను సంచి చూస్తున్నంతసేపూ అటు తిరిగి నిలబడేవారు.

ఒకసారి మంచి రంగున్న సరుకు వచ్చింది. యార్డులో పేరున్న గ్రేడర్లు నలుగురు చూసి నిల్వకాయే అని తేల్చేశారు. నాకు మాత్రం నడుమ వెచ్చదనం తగిలింది. చెబితే నవ్వుతారని భయం, చెప్పకపోతే ఆయన చీటీ భయం. గొంతు పీలగా పెట్టి, మిల్లుకాయండి అన్నాను. ఆయన జేబులోని చీటీ తీశారు. దాని మీద నిల్వకాయ అని ఉంది. వెళ్ళి మళ్ళీ మోచేతిదాకా చెయ్యి దించి చూశారు. తర్వాత ఆ నలుగురూ చూస్తుండగా తన చీటీ చింపేసి, నేను చెప్పిందే రాయించారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ఉన్నది భక్తే. దాచుకోవడం దేనికి. నా కింద పనిచేసినవాళ్ళ ముందు నేను అలా చీటీ చింపిన సందర్భాలు చాలా తక్కువ.

ఇప్పుడు తేమ కొలిచే మిషన్లు వచ్చాయి. మంచివే, వాడండి. కానీ గుచ్చినచోటు సంగతే మిషను చెబుతుంది. ఎక్కడ గుచ్చాలో మీరే చూసుకోవాలి.

చెయ్యి పెట్టని రోజు

ఇంత గొప్ప గురువు దగ్గర నేర్చుకున్న నేను చేసిన తప్పు ఇప్పుడు చెబుతాను. అప్పటికి వీరాంజనేయులు గారు రిటైరై, కాలం చేసి కూడా చాలా ఏళ్ళయింది. నేనే చీఫ్ గ్రేడర్ని. నా మాటకి ఎదురు లేదు.

పర్చూరు వైపు ఒక ఊరుంది. పేరు రాయను. ఇప్పటికే ఆ పేరు మీద రాయాల్సినదానికన్నా ఎక్కువ రాశాం. ఆ ఊరి కాయ నిల్వకి ఆగదు, నల్లబడుతుంది అని యార్డులో అందరికీ తెలుసు. మా కంపెనీ జాబితాలోనూ అలాగే ఉంది. ఆ ఊరి టిక్కీలు వస్తే పైపైన చూసి మిల్లుకాయ అని రాసేసేవాళ్ళం. ఊరివాళ్ళు కూడా అలవాటు పడిపోయారు. మా నేల అంతేనండి అనుకుంటూ పోయేవారు.

ఒక మార్చి నెలలో ఆ ఊరి నుంచి నలభై నాలుగు టిక్కీలు వచ్చాయి. కుట్టిన చీటీ మీద ఊరి పేరు చూశాను, మిల్లుకాయ అన్నాను, పక్క సరుకు దగ్గరికి నడిచాను. వెనకనుంచి ఒక ఆడమనిషి పిలిచింది.

"సార్, మీరు చెయ్యి పెట్టలేదు."

యాభై ఏళ్ళుంటాయి. బక్కపల్చటి మనిషి, చీర కొంగు నడుముకి దోపుకుని టిక్కీల మీద కూర్చుని ఉంది. పేరు సువార్తమ్మ. ఆ ఊరి కాయ సంగతి అందరికీ తెలిసిందే కదమ్మా అన్నాను.

"అందరికీ ఎవరు చెప్పారండీ?"

గొడవకి అడిగినట్టు లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. జవాబు లేనప్పుడు పెద్ద ఉద్యోగస్థులు చేసే పనే నేనూ చేశాను. తర్వాత మాట్లాడదాంలే అని గట్టిగా అని వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేశాను. తిరిగొచ్చి ఆమె టిక్కీల్లో ఐదింట్లో చెయ్యి దించాను. నడుమ చల్లగా ఉంది. గింజ గలగలమంది. లోపల బంగారు రంగు, మచ్చ లేదు. ఆ సీజన్లో అంతకన్నా మంచి కాయ నేను చూడలేదు.

ఆమె సంగతి అప్పుడు విన్నాను. ఊరి చివర వాళ్ళ పల్లెలో అందరూ కూలిజనమే. రైతుల కల్లాల్లో రంగు పోయిన తాలు కాయలు ఏరడం, టిక్కీలు తొక్కడం, వానాకాలంలో గుంటూరు వచ్చి కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీయడం, ఇరవై ఏళ్ళు ఆమె చేసింది అదే. భర్త పోయాక ఆ ఏడే ధైర్యం చేసి రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసింది. పల్లెలో సొంతంగా మిరప వేసిన మొదటి మనిషి ఆమే. నీకెందుకు ఈ పెద్ద పంటలు అని చేను గలవాళ్ళూ అన్నారు, తన వాళ్ళూ అన్నారు. ఈ కాయ మిల్లుకి పోతే పెట్టుబడి కూడా రాదు, కౌలు వదులుకోవాలి, మళ్ళీ ఇంకొకరి కల్లంలో తాలు ఏరుకోవాలి. కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబితే ఓదార్చి పంపేవాణ్ణేమో. ఆమె మామూలుగా చెప్పింది.

చేతిరాత

ఆ ఊరి కాయ ఆగదన్న మాట ఎక్కడ పుట్టిందో కనుక్కోవాలని పట్టుదల వచ్చింది. పక్క కంపెనీ గ్రేడర్ని అడిగాను. మీ కంపెనీవాళ్ళే కదా చెప్పారు అన్నాడు. కమీషన్ వ్యాపారి ఒకాయన్ని అడిగితే, గ్రేడర్లే చెప్పారండి అన్నాడు. ఇలా నాలుగు చోట్ల తిరిగి, ఆఫీసుకి వచ్చి పాత రిజిస్టర్లు దింపించాను. దుమ్ముకి తుమ్ములు మొదలయ్యాయి. ఏడాదికి ఒకటి చొప్పున వెనక్కి వెళ్తూ పోయాను. ప్రతి ఏడూ అదే వాక్యం, అంతకుముందు ఏడు చూసి ఎక్కించింది. ఎట్టకేలకి మొదటిసారి రాసిన పేజీ దొరికింది.

"ఈ ఊరి కాయ నిల్వకి ఆగదు." చేతిరాత నాది.

నేను చేరిన నాలుగో ఏడు అది. వీరాంజనేయులు గారు జ్వరంతో వారం రోజులు సెలవు పెట్టారు. ఆ ఊరి టిక్కీ ఒకటి కోల్డ్ స్టోరేజీ నుంచి నల్లబడి వచ్చింది. నేను ఒంటరిగా చూశాను, ఒంటరిగా తేల్చాను. ఎవరి మొహమూ చూడకుండా నా అంతట నేను ఏర్పరచుకున్న అభిప్రాయమని ఎంత గర్వపడ్డానో నాకు బాగా గుర్తుంది. టీ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు. పాతికేళ్ళ తర్వాత అదే మాట లోకజ్ఞానంగా నా దగ్గరికి తిరిగొస్తే, నాదని గుర్తుపట్టలేక దానికే తలాడించాను.

పిల్లలూ, ఇక్కడొకటి సూటిగా చెబుతాను. ఇతరుల మాట పట్టుకుని పోవద్దని మీకు చాలామంది చెబుతారు. నిజమే. కానీ మన అనుభవం కూడా పాతబడిపోతే అది ఇతరుల మాటతో సమానమే. నల్లబడిన టిక్కీని నేను కళ్ళారా చూసిన మాట నిజం. చూసింది ఒక్క సంచిని, రాసింది ఊరందరి మీద. ఆ తప్పు పేదవాళ్ళ నెత్తిన పాతికేళ్ళు కూర్చుంది. నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సాయంత్రం యార్డులోని షెడ్డుకి వెళ్ళి సువార్తమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరు చెప్పారని అడిగారు కదమ్మా, నేనే చెప్పానట అన్నాను.

"ఎన్ని సంచులు చూసి రాశారండీ?"

ఒకటి అన్నాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మంచు

ఆ ఊరి కాయ ఎందుకు నల్లబడుతుందో ఆమెకి తెలుసు. నాకు తెలియదు, మా కంపెనీలో ఎవరికీ తెలియదు. ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది కాబట్టి టిక్కీలో పోసి తొక్కేటప్పుడు విరక్కుండా అందరూ నీళ్ళు చల్లుతారు. చల్లాక ఆరనివ్వాలి. ఆ ఊళ్ళో సాయంత్రం చల్లి, ఆరకముందే తొక్కి, లారీ వేళకి కుట్టేస్తారు. పక్క కల్లంవాళ్ళు అలా చేస్తున్నారని వీళ్ళు, వీళ్ళు చేస్తున్నారని ఇంకొకళ్ళు. తప్పు నేలది కాదు.

మిల్లు ధరకి ఇవ్వలేక ఆ ఊరి రైతులు కొందరు కాయని సొంతంగా కోల్డ్ స్టోరేజీలో పెట్టుకునేవారు. కల్లంలో తను తొక్కిన ఆ టిక్కీలే వానాకాలంలో గుంటూరులో తన ముందు విప్పేవారట. ఏ రోజు ఎలా తొక్కిన సంచి ఎలా తేలిందో ఆమెకి గుర్తుండేది. ఒక ఏడు లారీ ఆలస్యమై పొద్దున్నే తొక్కిన టిక్కీలు మాత్రం ఎర్రగా వచ్చాయి. అప్పుడు అర్థం చేసుకుంది. తెల్లవారేసరికి కల్లం మీద మంచు పడి కాయ తనంతట తనే మెత్తబడుతుంది. ఎండ రాకముందు తొక్కేస్తే విరగదు, నీళ్ళతో పనే లేదు. కాకపోతే రోజుకి రెండు గంటలే పని సాగుతుంది. అందరికీ మూడు రోజుల్లో అయ్యేది ఆమెకి పది రోజులు పట్టింది. ఊరంతా నవ్విందట.

"నవ్వితే నవ్వారండీ. నల్లకాయ ఏరింది వాళ్ళు కాదుగా, నేనుగా" అంది.

నేను ఎందరో శాస్త్రవేత్తల ఉపన్యాసాలు విన్నాను. అందరి మీదా గౌరవం ఉంది. కానీ ఒక పని రెండు చివరలూ చూసి, మధ్యలో ఏం జరిగిందో తనంతట తను తేల్చుకున్న మనిషిని నా సర్వీసులో ఇద్దర్నే చూశాను. వీరాంజనేయులు గారు ఒకరైతే, ఈమె రెండోవారు.

మేనేజరుకి ఫోన్ చేసి నిల్వకాయగా తీసుకుందామన్నాను. జాబితా ప్రకారం కుదరదన్నాడు. ఆ జాబితా నా తప్పేనని చెప్పినా, అయితే వచ్చే ఏడు మారుద్దాంలెండి అన్నాడు. ఇంకా గట్టిగా పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో. నేను పట్టుబట్టలేదు. అదీ నా ఖాతాలోదే. పక్క కంపెనీలవాళ్ళు కూడా ముట్టుకోలేదు. వాళ్ళకి చెప్పినవాణ్ణి నేనే కదా.

సువార్తమ్మ ఒక రాత్రంతా ఆలోచించుకుని, సగం టిక్కీలు మిల్లుకాయగా ఇచ్చేస్తాను, మిగతా ఇరవై రెండూ నా పేరు మీద కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాను అంది. నల్లబడితే ఎవరూ కొనరమ్మా, అవీ పోతాయి అని హెచ్చరించాను. నాకు నమ్మకముందిలెండి అని మాత్రం అంది. మేనేజరు చేత ఒక మాట ఒప్పించగలిగాను. ఆగస్టులో వచ్చి తన ఎదుట విప్పించి చూస్తాడు, బాగుంటే కొంటాడు.

ఇరవై రెండు సంచులు

ఆగస్టులో ఒక ముసురు రోజు కోల్డ్ స్టోరేజీ ముందున్న వరండాలో టిక్కీలు దింపి వరసగా నంబర్లు వేశారు. సువార్తమ్మ తన మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఏడు కౌలు వదిలేయమని అందరికన్నా ఎక్కువ పోరింది ఆ మరిదే. ఈ కాయ తేలేదాకా చేను గలాయన మళ్ళీ కౌలు ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు.

మొదటి సంచి కుట్టు ఆమే కోసింది. పైనుంచి కాదు, అడుగునుంచి, పైన మంచికాయ పేర్చిందని ఎవరూ అనకుండా. చల్లదనంతో పాటు ఘాటు ఒక్కసారిగా బయటికొచ్చి అందరం దగ్గాం. కాయ ఎర్రగా ఉంది. మార్చిలో ఎలా చూశానో అలాగే ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పదో సంచికల్లా మేనేజరు వాచీ చూసుకుని, ఇంక చాల్లెండి, అన్నీ నిల్వకాయే, రాసేయండి అన్నాడు. మరిది మొహం వెలిగిపోయింది. వచ్చే ఏడు కౌలు సంగతి తేలిపోయినట్టే.

సువార్తమ్మ పదకొండో సంచి కుట్టు కోస్తోంది.

చాలమ్మా, సార్ ఒప్పుకున్నారు కదా అని నేనే అన్నాను. "నాకు తెలియాలి కదండీ" అని తన పని తను చేసుకుపోయింది. మేనేజరు ఫోనులో పడ్డాడు. నేను రిజిస్టరు తెరిచి పెట్టుకున్నాను. ఆమెవైపు చూస్తున్నవాళ్ళు ఎవరూ లేరు.

పదిహేడో సంచి దగ్గర ఆమె చేతులు ఆగాయి. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసింది. నల్లగా ఉంది. మరిది వంక చూసింది. అతను తల దించుకుని, ఆ ఆదివారం నువ్వు ప్రార్థనకి వెళ్ళినప్పుడు నేను నీళ్ళు చల్లి సాయంత్రం తొక్కాను వదినా, తొందరగా తెమిలిపోతుందని, అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, మళ్ళీ కుట్టెయ్యి, ఎవరూ చూళ్ళేదు అన్నాడు. అది నాకు వినపడింది. నిజం చెబుతున్నాను, కుట్టెయ్యమ్మా అని నా మనసులో నేనూ అనుకున్నాను. ఒక్క నల్ల టిక్కీ చాలు, ఆ ఊరి కాయ అంతేలే అని మేనేజరు మొత్తం తిప్పికొట్టడానికి.

ఆమె లేచి నిలబడింది.

"సార్, ఇటు రండి. ఇది మిల్లుకాయ. రాసుకోండి."

మేనేజరు ఫోను ఆపి వచ్చాడు. నల్లకాయని చూశాడు, తర్వాత ఆమెని చూశాడు. మిగతా ఐదు సంచులు కూడా విప్పించాడు. అవన్నీ ఎర్రగానే ఉన్నాయి. ఇరవై ఒకటి నిల్వకాయగా, ఒకటి మిల్లుకాయగా తీసుకోమని నాతో చెప్పి వెళ్ళిపోయాడు. మరిది తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు.

నేను రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని, నల్లకాయ అని రాసి, అలవాటుకొద్దీ దాని పక్కన ఊరి పేరు మొదటి అక్షరం పెట్టాను. సువార్తమ్మకి చదువు రాదు. అయినా నా పెన్ను ఎటు పోతోందో ఆమెకి తెలిసిపోయింది.

"ఊరి పేరు వద్దు సార్. సంచి నంబరు రాయండి."

ఆ అక్షరం కొట్టేసి, పదిహేడు అని రాశాను.